సైనికుని బిడ్డ చదువు: హక్కు వుంది, కాగితం కావాలి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. చదువు అన్నది చాలా పెద్ద మాట. దాని గూర్చి ప్రతి యేడూ ఈ వేదిక మీద యెవరో ఒకరు మాట్లాడుతూనే వున్నారు. "చదవండి, చదివించండి" అని చెప్పి చప్పట్లు అందుకొని దిగిపోవడం తేలికే. అందుచేత నేను ఒక చిన్న భాగాన్నే తీసుకుంటున్నాను. సైన్యంలో పనిచేసిన వారి పిల్లల చదువుకు ప్రభుత్వం యేమి యిస్తున్నది? అది మన యిళ్ళకు యెందుకు చేరడం లేదు? చేరాలంటే మనం యేమి చేయాలి? ఈ మూడు ప్రశ్నలే నా ప్రసంగం.

"మనలో మిలిటరీ వాళ్ళు యెందరున్నారు మాస్టారూ?" అని మొన్న ఒక పెద్దాయన నన్ను అడిగారు. లెక్క తీసినవారు లేరు గనుక లేరని అనుకుంటున్నాం. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకి పట్టుకొని నిలబడే ఆయన యెవరో కనుక్కోండి. నవంబరు నెల వచ్చిందంటే, బతికే వున్నానని సర్టిఫికెట్టు యివ్వడానికి బయలుదేరే ముసలమ్మ యెవరి భార్యో అడగండి. ప్రతి మొహల్లాలోనూ ఒక రిటైరైన సిపాయో, నాయకో, హవల్దారో, లేదా ఆయన వితంతువో దొరుకుతారు.

మనవాళ్ళ త్యాగాల గూర్చి సభల్లో చెప్పుకుంటూ వుంటాం. 1948 జూలై 3న కాశ్మీరు యుద్ధరంగంలో ప్రాణం విడిచిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ పేరు అందరికీ తెలుసు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. తన జీతంలో పెద్ద భాగం పేదపిల్లల పోషణకు, చదువుకు ఖర్చు పెట్టేవారని చెబుతారు. ఆయన సమాధి ఢిల్లీలో జామియా మిలియా విద్యాసంస్థ పక్కనే వున్నది. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరన్ దగ్గర పాకిస్తాను ట్యాంకులను ధ్వంసం చేసి, ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ ఆఫీసరు కాదు, హవల్దారు. ఆ హవల్దారు మాట గుర్తుంచుకోండి. నేను చెప్పబోయే సహాయాల్లో ఒకటి ఆ స్థాయి వరకు వున్న సైనికుల పిల్లల కోసమే యేర్పడింది.

ముందుగా ఒక పరదేశపు సంగతి చెప్పి మన దేశానికి వస్తాను. యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుడికి చదువు చెప్పించడం దేశానికి యెంత మేలో ప్రపంచానికి చూపినది అమెరికా. 1944 జూన్ 22న అక్కడ ఒక చట్టం వచ్చింది. జి.ఐ. బిల్లు అంటారు. ఇంటికి వచ్చిన సైనికుడి కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టింది. చదువుకునే కాలంలో తిండికీ బసకూ నెల నెలా డబ్బు యిచ్చింది. 1956లో ఆ చట్టం ముగిసేనాటికి సుమారు 78 లక్షల మంది మాజీ సైనికులు చదువో, వృత్తి శిక్షణో పొందారు. రైతుల పిల్లలు, కూలీల పిల్లలు ఇంజనీర్లయ్యారు, టీచర్లయ్యారు.

అయితే ఆ కథకు రెండవ పక్క కూడా వున్నది. చట్టంలో నల్లవాడు, తెల్లవాడు అన్న మాటే లేదు. కాని దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి సైనికుడికి తెల్లవారి కాలేజీలో ప్రవేశం లేదు. నల్లవారి కాలేజీల్లో సీట్లు చాలలేదు. స్థానిక ఆఫీసుకు వెళితే, నీకు డిగ్రీ యెందుకు, చేతిపని నేర్చుకో అన్నవాళ్ళు వున్నారు. అంటే హక్కు కాగితం మీద అందరికీ వచ్చింది, చేతికి కొందరికే అందింది. నేను ఈ కథ చెప్పింది ఆ ఒక్క ముక్క కోసమే. చట్టానికీ గడపకూ మధ్య కొంత దూరం వుంటుంది. మన దగ్గర ఆ దూరం వేరే రకంగా వున్నది. దానికి తరువాత వస్తాను.

ఇక మన దేశంలో యేమేమి వున్నాయో చూద్దాం. కాస్త ఓపికగా వినండి. రాసుకోగలవారు రాసుకోండి.

మొదటిది, యుద్ధంలో మరణించిన, వికలాంగులైన, ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల పిల్లలకు యిచ్చే విద్యా రాయితీ. 1971 యుద్ధం ముగిసిన రోజుల్లో దీనిని ప్రకటించారు. ట్యూషన్ ఫీజు, హాస్టలు ఖర్చు, పుస్తకాలు, యూనిఫారం యిందులోకి వస్తాయి. మొదటి డిగ్రీ వరకు వర్తిస్తుంది. 2017లో ట్యూషన్, హాస్టలు కలిపి నెలకు 10,000 రూపాయలు దాటరాదని పరిమితి పెట్టారు. దేశమంతటా అభ్యంతరాలు వచ్చాయి. 2018 మార్చిలో ఆ పరిమితిని తీసివేశారు. నోరు తెరిచి అడిగితే ప్రభుత్వం వింటుందనడానికి యిది ఒక నిదర్శనం.

రెండవది, రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుండి యిచ్చే విద్యా గ్రాంటు. హవల్దారు, దానితో సమానమైన హోదా, అంతకు దిగువ హోదాల్లో పనిచేసి వచ్చినవారి పిల్లలకు, వారి వితంతువుల పిల్లలకు యిది దొరుకుతుంది. ఒక యింట్లో యిద్దరు పిల్లల వరకు, ఒకటవ తరగతి నుండి డిగ్రీ వరకు యిస్తారు. వితంతువు తానే పి.జి. చదవదలచుకుంటే ఆమెకూ యిస్తారు. ఇదివరకు నెలకు 1,000 రూపాయలు వుండేది. 2025 నవంబరు 1 నుండి పెట్టుకున్న దరఖాస్తులకు దానిని 2,000 రూపాయలు చేశారు. ఇద్దరు పిల్లలుంటే యేడాదికి 48,000 రూపాయలు. చిన్న మొత్తమా మీరే చెప్పండి.

ఆ నిధికి డబ్బు యెక్కడి నుండి వస్తుందో తెలుసా? 1949 నుండి ప్రతి సంవత్సరం డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతున్నారు. బడి పిల్లలు డబ్బాలో రూపాయో, రెండు రూపాయలో వేసి చిన్న కాగితపు జెండాను చొక్కాకు గుచ్చుకుంటారు కదా, ఆ పతాక దిన నిధి నుండే. మన పిల్లలు వేసిన రూపాయి కూడా అందులో వున్నది. వేయడం మనకు తెలుసు. తీసుకోవలసినవాడు తీసుకోవడం మాత్రం తెలియలేదు.

మూడవది, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు. 2006-07లో మొదలయింది. ఆఫీసరు హోదాకు దిగువన పనిచేసిన మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు యిస్తారు. బి.టెక్., ఎం.బి.బి.ఎస్., బి.ఫార్మసీ, బి.యిడి., బి.బి.ఏ., బి.సి.ఏ., ఎం.బి.ఏ. వంటి వృత్తి విద్యలకు మాత్రమే. యేటా 5,500 మందికి కొత్తగా మంజూరు చేస్తారు. అందులో సగం, అంటే 2,750, ఆడపిల్లలకు. అబ్బాయికి నెలకు 2,500 రూపాయలు, అమ్మాయికి 3,000 రూపాయలు. అమ్మాయికి యెక్కువ యిస్తున్నారు, గమనించండి. నాలుగేళ్ళ బి.టెక్.కు లెక్క వేస్తే ఆడపిల్లకు 1,44,000 రూపాయలు అవుతుంది. ఇంటర్‌మీడియట్‌లోనో, ఆ కోర్సుకు అర్హత పరీక్ష యేదైతే అందులోనో 60 శాతం మార్కులు వుండాలి. అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన వేరే వున్నది. మొదటి సంవత్సరంలో చేరిన యేడే దరఖాస్తు పెట్టాలి. ఆ యేడు తప్పిందంటే ఆ కోర్సు మొత్తానికీ తప్పినట్లే.

నాలుగవది సీట్ల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంజనీరింగు ప్రవేశాల్లో సైనికుల పిల్లలకు 2 శాతం సీట్లు వున్నాయి. క్యాప్ కోటా అంటారు. ఎంట్రన్సులో ర్యాంకు వచ్చాక ఈ కోటాకు సర్టిఫికెట్లు విడిగా పరిశీలిస్తారు. ఆ రోజు తప్పక హాజరు కావాలి. మెడికల్ సీట్లు కొన్ని కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా, నీట్‌లో అర్హత పొందిన సైనికుల పిల్లలకు వరుస క్రమంలో యిస్తారు. యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు మొదటి ప్రాధాన్యం.

అయిదవది సైనిక్ స్కూళ్ళు. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 నుండి ఒకటి వున్నది. కలికిరిలో 2014లో మరొకటి వచ్చింది. ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి.లకు పోగా మిగిలిన సీట్లలో 25 శాతం సైనికుల పిల్లలకు కేటాయిస్తారు. 2021-22 నుండి ఆడపిల్లలను కూడా అన్ని సైనిక్ స్కూళ్ళలో చేర్చుకుంటున్నారు. నేను ఉర్దూ మీడియం టీచరును గనుక ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆరవ తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులో రాయవచ్చు, ఉర్దూలో కూడా రాయవచ్చు. తొమ్మిదవ తరగతి ప్రవేశ పరీక్ష మాత్రం ఇంగ్లీషులోనే వుంటుంది. అంటే ఉర్దూ మీడియం బిడ్డకు తెరిచి వున్న తలుపు ఆరవ తరగతి. పదేళ్ళు నిండి పన్నెండేళ్ళు దాటని వయసు. పరీక్షలో 300 మార్కులకు 150 లెక్కలకే. మన పిల్లలకు లెక్కలు రావని యెవరన్నారు? అయిదవ తరగతిలోనే కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు కావాలి, అంతే.

ఇక యిప్పుడు ఉద్యోగంలో వున్న జవాన్లకు యిద్దరు పిల్లల వరకు చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్సు వున్నది. 2024 జనవరి నుండి అది నెలకు 2,812 రూపాయల 50 పైసలు అయింది. ఆ జవాన్ల సంగతి వారి యూనిట్లలో చెప్పేవాళ్ళుంటారు గనుక విస్తరించను. పదిహేనేళ్ళు సర్వీసు చేసి వచ్చిన మాజీ సైనికుడికి తన కోసమూ ఒక దారి వున్నది. ఆయన సైన్యంలో పొందిన శిక్షణను లెక్కలోకి తీసుకొని ఆంధ్ర విశ్వవిద్యాలయం బి.ఏ. డిగ్రీ యిచ్చే యేర్పాటు జరిగింది. నలభై యేళ్ళకు రిటైరై, డిగ్రీ లేదని వాచ్‌మన్ పనికే పోతున్న తమ్ముళ్ళు దీనిని విచారించాలి.

ఇంత వున్నది కదా, మరి మన యిళ్ళకు యెందుకు రావడం లేదు? ఇందాక చట్టానికీ గడపకూ మధ్య దూరం అన్నాను. మన విషయంలో ఆ దూరం పేరు కాగితం.

నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం గూర్చి చెబుతాను. పేర్లు చెప్పను. తండ్రి నాయక్‌గా రిటైరై వచ్చాడు. కొన్నేళ్ళకు జబ్బు చేసి పోయాడు. తల్లికి ఫ్యామిలీ పెన్షన్ వస్తున్నది. అమ్మాయి మా బడిలో చదివి, పై చదువుకు వెళ్ళి, ఇంటర్‌లో 78 శాతం తెచ్చుకుంది. బి.టెక్. సీటు వచ్చింది. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెడదామని కాగితాలు తీశాం. సర్వీసు రికార్డులో ఆ పిల్ల పేరు యింట్లో పిలిచే ముద్దుపేరుగా వున్నది. తండ్రి సెలవులో వచ్చి, బిడ్డను చూసి, తిరిగి వెళ్ళాక యూనిట్లో ఆ పేరే రాయించాడు. బడి రిజిస్టరులో, ఆధార్‌లో పూర్తి పేరు వున్నది. పుట్టిన తేదీలో కూడా ఒక నెల తేడా. ఆఫీసులో రికార్డ్సు నుండి సవరణ తెమ్మన్నారు. ఆ రికార్డ్సు ఆఫీసు మన రాష్ట్రంలో లేదు. ఉత్తరం రాస్తే అఫిడవిట్టు కావాలని జవాబు. అఫిడవిట్టు పంపితే జనన ధ్రువపత్రం కావాలని యింకో జవాబు. అన్నీ సరి అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. గడువు దాటిపోయింది.

"వచ్చే యేడు పెట్టుకోవచ్చు కదా భాయిసాబ్?" అని ఆ తల్లి నన్ను అడిగింది. మొదటి సంవత్సరంలోనే పెట్టాలన్న నిబంధన ఆమెకు చెప్పవలసి వచ్చింది. ఆమె యేమీ అనలేదు. చేతి గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. అమ్మాయి చదువుతూనే సాయంత్రాలు నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నది. లక్షా నలభై నాలుగు వేల రూపాయలు ఆ యింటికి రావలసినవి, ఒక ముద్దుపేరు దగ్గర ఆగిపోయాయి. ఆఫీసువారు కావాలని చేశారని నేను అనను. వాళ్ళ ముందు వున్నది రెండు పేర్లు. ఇద్దరూ ఒకే అమ్మాయి అని వాళ్ళకు యెలా తెలుస్తుంది?

పేర్ల తంటా మనవాళ్ళకు మరీ యెక్కువ. షేక్ అన్న మాటను ఇంగ్లీషులో ఒకరు 'కె' దగ్గర ఆపుతారు, ఒకరు దానికి 'హెచ్' తగిలిస్తారు. ఒకచోట అది పేరుకు ముందు వుంటుంది, యింకోచోట వెనుక వుంటుంది. మహమ్మద్‌ను ఒక కాగితంలో ఎం.డి. అని కుదిస్తారు, మరో కాగితంలో పూర్తిగా రాస్తారు. ఆడవారి పేరు చివర పెళ్ళికి ముందు బీ అని, తరువాత బేగం అని, ఆధార్‌లో రెండూ లేకుండా వుంటుంది. ఉర్దూలో రాసుకున్నప్పుడు యివన్నీ ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి ముగ్గురు మనుషులు. బడిలో పేరు రాసేది మేము, అంటే టీచర్లం. ఒకటవ తరగతిలో చేర్చుకునే రోజున తండ్రి సైన్యంలో వున్నాడా అని అడిగి, సర్వీసు కాగితంలో యెలా వుంటే అలాగే రాస్తే సగం చిక్కు అక్కడే తీరుతుంది. నా తోటి ఉపాధ్యాయులకు యిది నా మనవి.

సరైన వేళకు చేస్తే పని అవుతుందనడానికి కూడా ఉదాహరణ వున్నది. మా వీధిలోనే ఒక రిటైర్డు హవల్దారు, కొడుకు ఎనిమిదవ తరగతిలో వుండగానే పేరు తేడా చూసుకొని రికార్డ్సుకు రాశాడు. జవాబు రావడానికి ఆయనకూ నెలలు పట్టింది. కాని తొందర లేదు గనుక బాధ లేదు. ఆ అబ్బాయి పై చదువులో చేరిన యేడే స్కాలర్‌షిప్పు మంజూరయింది. ఇద్దరి హక్కూ ఒకటే. తేడా అంతా యెప్పుడు కాగితం తీశారన్న దానిలోనే వున్నది.

ఇక్కడ యువకులకు ఒక హెచ్చరిక. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. దాని కింద చేరినవారు అగ్నివీరులు. నాలుగేళ్ళు పనిచేశాక నూటికి 25 మంది వరకు మాత్రమే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారికి సేవానిధి కింద సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు చేతికి వస్తాయి. కాని పెన్షన్ వుండదు, మాజీ సైనికుడన్న హోదా కూడా వుండదు. ఆ హోదా లేకపోతే నేను యిందాక చెప్పిన గ్రాంటు, స్కాలర్‌షిప్పు లెక్కలోకి రావు. చేరవద్దని నేను అనడం లేదు. తెలిసి చేరండి. సర్వీసులో వుండగానే చదువు పూర్తిచేసుకోండి. వారి శిక్షణకు సగం క్రెడిట్లు యిచ్చి యిగ్నో విశ్వవిద్యాలయం డిగ్రీ కోర్సు పెట్టింది. పది పాసై చేరినవారికి ఓపెన్ స్కూలు ద్వారా పన్నెండవ తరగతి పూర్తిచేసే వీలున్నది. చేతికొచ్చే డబ్బు ఒక పెళ్ళిలో ఖర్చయిపోవచ్చు. డిగ్రీ అలా ఖర్చయ్యేది కాదు.

చివరిగా, మనం చేయవలసినది. సంఘం ముందు నాలుగు పనులు పెడుతున్నాను. వీటికి పెద్ద డబ్బు అవసరం లేదు.

ఒకటి, మన మొహల్లాల్లో వున్న మాజీ సైనికుల, వారి వితంతువుల పేర్లు ఒక రిజిస్టరులో రాయాలి. అందులో వారి పిల్లల పేరు, వయసు, తరగతి వుండాలి. యే బిడ్డ యే సంవత్సరం ఇంటర్ పూర్తిచేస్తుందో ముందే తెలియాలి.

రెండు, ప్రతి యింట్లో అయిదు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, ఆధార్, బడి సర్టిఫికెట్టు. అయిదింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా వున్నాయా లేదా? తేడా వుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్సుకు ఆ రోజే రాయాలి. పిల్లల పుట్టుక పార్ట్-టూ ఆర్డరులో నమోదు అయిందో లేదో తప్పక చూడాలి. బిడ్డ ఎనిమిదవ తరగతికి వచ్చేలోగా ఈ పని ముగియాలి.

మూడు, దరఖాస్తులన్నీ యిప్పుడు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లో పెట్టాలి. మన డిగ్రీ పిల్లలు యిద్దరు ముగ్గురు నెలకు ఒక ఆదివారం ఈ హాలులో కూర్చుంటే చాలు. ఆ తల్లులు ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, చదవలేని కాగితానికి వంద రూపాయలు యిచ్చి రావలసిన అవసరం వుండదు. గడువులు యేటేటా మారతాయి గనుక ఆ యేటి తేదీని ఈ హాలు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

నాలుగు, అయిదవ తరగతి పిల్లలకు సైనిక్ స్కూలు పరీక్ష కోసం లెక్కల క్లాసు. దానికి నేను వస్తాను. ఉర్దూలోనూ తెలుగులోనూ చెబుతాను. ఫీజు లేదు. సైనికుల పిల్లలే రావాలన్న నియమమూ లేదు.

ఇది దానం కాదు, జకాత్ కాదు, యెవరి దయా కాదు. మంచులో నిలబడి కాపలా కాసినవాడికి దేశం యిచ్చిన మాట. ఆ మాట నిలబెట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బు పెట్టింది. దానిని బిడ్డ చేతికి చేర్చే పని మనది. ఈ సభ ముగిశాక ఆ రిజిస్టరులో మొదటి పేరు రాయడానికి పెన్ను పట్టుకొని నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను. మీ యింట్లో కాకపోతే మీ పక్కింట్లో వున్నవారి పేరు చెప్పి వెళ్ళండి.